రెండు ఫెయిల్ చీటీలు: 1996 మారుతి 800ను పొల్యూషన్ పరీక్షకు సిద్ధం చేసిన కేసు

ఆ కారు అంబర్‌పేటలోని మా షెడ్డుకు వచ్చేసరికే దాని మీద రెండు తీర్పులు వచ్చి ఉన్నాయి. మొదటి చీటీలో కార్బన్ మోనాక్సైడ్ 4.6 శాతం, హైడ్రోకార్బన్లు 1240 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు). వారం తర్వాత ఇంకో చోట తీయించిన చీటీలో మోనాక్సైడ్ 1.1 శాతం, హైడ్రోకార్బన్లు 2350. పొగకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణాల్లో భారత్ స్టేజ్ 2 కన్నా ముందు తయారైన పెట్రోలు కారుకు మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 మించకూడదు. అంటే ఒకసారి ఒక సబ్జెక్టు తప్పింది, ఇంకోసారి ఇంకో సబ్జెక్టు. ఈ పోలిక నాది కాదు. కారు యజమాని నల్లకుంటలో ఉండే రిటైర్డు లెక్కల టీచరు. "రెండు పేపర్లూ ఒకేసారి గట్టెక్కే మార్గం చూడు నాయనా" అన్నారాయన.

చీటీలు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "మధ్యలో స్క్రూ ఎవరు తిప్పారు సార్?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని, "నీకెవరు చెప్పారు?" అన్నారు.

చీటీలే చెప్పాయి. గాలికి తగినదాని కన్నా పెట్రోలు ఎక్కువైతే అది సగం కాలి మోనాక్సైడ్ అవుతుంది. అసలు కాలకుండానే బయటికి పోయిన పెట్రోలు హైడ్రోకార్బన్ల అంకెలో కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజినులో మిక్స్చర్ స్క్రూ (గాలిలో కలిసే పెట్రోలును సవరించేది) కొద్దిగా బిగిస్తే రెండు అంకెలూ కలిసి దిగుతాయి. ఇక్కడ ఒకటి దిగి రెండోది దాదాపు రెట్టింపైంది. స్క్రూ బిగించిన మెకానిక్ మోనాక్సైడ్‌ను దించాడు గానీ, ఆ పలుచని మిశ్రమాన్ని అంటించే శక్తి ఏదో ఒక సిలిండరులో లేదు. ఆ సిలిండరుకు చేరిన పెట్రోలు చేరినట్టే సైలెన్సర్‌లోంచి పోతోంది. ఆ లోపం ఎక్కడుందో తేలేదాకా స్క్రూ ఎటు తిప్పినా ఈ చీటీలో కాకపోతే ఆ చీటీలో ఫెయిలే.

బండి, దాని గతం

1996లో రిజిస్టరైన మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్, డ్యాష్‌బోర్డు దగ్గర చేత్తో లాగే చోక్ (చల్లటి ఇంజిను అంటుకోవడానికి మిశ్రమాన్ని చిక్కబరిచేది), ఇంజిను తిప్పితే ఆడే యాంత్రిక పెట్రోలు పంపు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు. 1995లో దాన్ని తప్పనిసరి చేసినప్పుడు నాలుగు మహానగరాలకే చేశారు, ఆ నాలుగింట్లో మన హైదరాబాదు లేదు. మీటరు 94 వేల దగ్గర ఆగిపోయి ఉంది, కేబుల్ తెగి చాలా కాలమైంది. వారానికి ఒకసారి కూరగాయలకు, ఎప్పుడైనా పెళ్లికో పేరంటానికో తప్ప బండి కదలదు.

ఆర్సీ గడువు 2026 మధ్య వరకు ఉంది. ఇరవై ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. అంత కట్టి ఈ బండిని ఉంచుకోవడమా, తుక్కుకు ఇచ్చేయడమా అన్నది ఇంట్లో నలుగుతున్న చర్చ. కొడుకు తుక్కు పక్షం. పొల్యూషన్ పరీక్ష నెగ్గితే ఉంచుకుంటానని ఈయన పంతం. ఇవన్నీ తర్వాతి మాటలు. ముందు కార్తీక పౌర్ణమికి భార్యతో యాదగిరిగుట్ట వెళ్లి వ్రతం చేసుకోవాలి. దీపావళి వారంలో బండి నా దగ్గరికి వచ్చింది. చేతిలో రెండు వారాలు.

పాత బండి వచ్చినప్పుడు నేను బానెట్ ఎత్తడానికి ముందు పది నిమిషాలు మాట్లాడతాను. మా కుర్రవాడికి ఇది టైము దండగ అనిపిస్తుంది. ఈ కేసులో ఆ పది నిమిషాల్లో బయటపడ్డ సంగతి ఒకటి చివరిదాకా పనికొచ్చింది: 2004 ప్రాంతంలో ఈ బండికి గ్యాస్ కిట్ పెట్టించారు, నాలుగేళ్లు తిప్పి తీయించేశారు. ఇంటి సిలిండరుతోనేనా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇంకొకటి కూడా చెప్పారు. రెండో పరీక్షకు ముందు ఎవరో ఇచ్చిన సీసా ఒకటి ట్యాంకులో పోశారట, పోస్తే పొల్యూషన్ పాస్ గ్యారంటీ అట. ఆ సీసాల్లో చాలావాటిలో ఉండేది ఏదో ఒక రకం స్పిరిట్. స్పిరిట్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం పలచబడి మోనాక్సైడ్ దిగుతుంది, అంతే కిటుకు. ఒకప్పుడు అది పని చేసేది. ఇప్పుడు బంకులో పోసే ఈ-20 పెట్రోలులోనే ఇరవై శాతం ఇథనాల్ ఉంది. సీసావాడి పని బంకువాడే చేసి పెడుతున్నాడు. దాని మీద ఇంకా పోస్తే ఈ బండికి జరిగినట్టే జరుగుతుంది, మిస్సింగ్ (సిలిండరులో మంట అంటుకోకపోవడం) ముదురుతుంది.

మొదటి కొలత, మొదటి చిల్లు

మా దగ్గర నాలుగు వాయువులు కొలిచే యంత్రం ఉంది. మూసేసిన ఒక పరీక్షా కేంద్రం నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఏ బండికి పెట్టబోయే ముందైనా దాని గొట్టాన్ని ఆరుబయట గాలిలో వదిలి ఆక్సిజన్ అంకె చూస్తాను. 20.9 దగ్గర నిలవాలి. నిలవకపోతే ఆ రోజు దాని మాట నమ్మను. ఆక్సిజన్ సెన్సరు అరిగిపోయే వస్తువు, డబ్బు పెట్టి మార్చాల్సిందే. తక్కువ పెట్టుబడితో నడిచే పరీక్షా వ్యాన్లలో ముందుగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే అని నా అనుమానం.

ఇంజిను బాగా వేడెక్కేదాకా రామంతపూర్ మీదుగా ఉప్పల్ వరకు వెళ్లి తిరిగొచ్చాం. చల్లటి ఇంజినుకు పరీక్ష చేస్తే చోక్ మిశ్రమాన్నే కొలిచినట్టు. చోక్ లోపలికి నెట్టి, లైట్లు ఆపి, కొలిచే గొట్టాన్ని సైలెన్సర్‌లోకి మూరెడు దోపాను. నిబంధన 300 మిల్లీమీటర్లకు తగ్గకూడదంటుంది. రోడ్డు పక్క చాలామంది కొస వరకే పెడతారు. అప్పుడు బయటి గాలి కలిసి అంకెలు తగ్గుతాయి. బండివాడు సంతోషిస్తాడు, రోగం మాత్రం లోపలే ఉంటుంది.

మా మొదటి కొలత: మోనాక్సైడ్ 1.3, హైడ్రోకార్బన్లు 2280, కార్బన్ డయాక్సైడ్ 10.1, ఆక్సిజన్ 5.4.

చీటీలో పైకి కనిపించే రెండు అంకెల కన్నా నాకు చివరి రెండే ముఖ్యం. మంట బాగా మండితే డయాక్సైడ్ 13, 14 దగ్గర ఉంటుంది, ఆక్సిజన్ ఒకటీ ఒకటిన్నరకు మించదు. మోనాక్సైడ్, డయాక్సైడ్ కలిపితే 12 కన్నా తక్కువ వచ్చిందంటే బయటి గాలి ఎక్కడో కలుస్తోంది, లేదా ఒక సిలిండరు సరిగా మండడం లేదు. ఇక్కడ 11.4. రెండూ ఉండొచ్చు.

బయటి గాలి సంగతి ముందు తేల్చాలి, లేకపోతే తర్వాత చేసే ప్రతి కొలతా అబద్ధమే. తడి గుడ్డ మడిచి సైలెన్సర్ కొసను మూశాను. ఒక్క క్షణంలో బండి కింద బుస్సుమని చప్పుడు. మధ్య జాయింటు దగ్గర గ్యాస్కెట్ పోయి, పక్కన తుప్పుకు చిన్న చిల్లు పడింది. వెల్డింగు చేయించి కొత్త గ్యాస్కెట్ వేసి మళ్లీ కొలిస్తే హైడ్రోకార్బన్లు 2460 అయ్యాయి. ఆయన ముఖం వాడిపోయింది. "డబ్బు పెట్టాక అంకె పెరిగిందేమిటి?" నిజం చెప్పడం మొదలుపెట్టింది కాబట్టి పెరిగిందని చెప్పాను. లెక్కల మనిషి, ఒప్పుకున్నారు.

రెండో సిలిండరు

ఇంజిను నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి చూశాం. మొదటిది తీస్తే వేగం 130 చుట్లు పడింది, మూడోది తీస్తే 120. రెండోది తీస్తే పాతిక చుట్లు కూడా పడలేదు. ఉన్నా లేకపోయినా ఒకటే అన్నమాట. ఇంట్లో పని చేయని మనిషి సెలవు పెడితే ఎవరికి తెలుస్తుంది?

ఇలాంటప్పుడు చేయి వెంటనే ప్లగ్గు మీదికి పోతుంది. ప్లగ్గు మార్చగానే కాస్త మెరుగవుతుంది కూడా, దాంతో అసలు కారణం మరుగున పడుతుంది. అందుకే నేను ముందు కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో కొలుస్తాను. మొదటి సిలిండరు 160, రెండోది 128, మూడోది 158 పీఎస్ఐ. రెండోదాంట్లో చెంచాడు ఇంజిను ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే 132. రింగులు అరిగి ఉంటే ఆయిల్ పోయగానే అంకె బాగా లేవాలి. లేవలేదు. లోపం వాల్వుల్లో ఉంది. ఇంజిను గాలి పీల్చే బలాన్ని చూపే వ్యాక్యూమ్ గేజ్ కూడా అదే చెప్పింది. ముల్లు 13 దగ్గర ఆడుతూ, క్రమం తప్పకుండా రెండేసి చుట్లకు ఒక్కోసారి కిందికి కొట్టుకుంటోంది. (పుస్తకాల్లో మంచి ఇంజినుకు 17 నుంచి 20 అంగుళాలని ఉంటుంది. అది సముద్ర మట్టం లెక్క. హైదరాబాదు ఐదు వందల మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ ఒకటిన్నర అంగుళం తగ్గించి చదువుకోవాలి. ఈ సంగతి తెలియక మంచి ఇంజినులు విప్పినవాళ్లను చూశాను.)

వాల్వు కవరు తీశాం. రెండో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వుకు ట్యాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన ఖాళీ) అసలు లేదు. సన్నటి ఫీలర్ బ్లేడు కూడా దూరలేదు. అంటే వేడెక్కి సాగినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. గ్యాస్ కిట్ ముచ్చట ఇక్కడ అక్కరకొచ్చింది. గ్యాస్ మీద నడిచిన ఇంజినులో ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే సీటు త్వరగా అరుగుతుంది. సీటు అరిగిన కొద్దీ వాల్వు పైకి జరిగి ట్యాపెట్ సందు మింగేస్తుంది. చప్పుడు చేసే ట్యాపెట్‌ను అందరూ సవరిస్తారు. చప్పుడు లేని ట్యాపెట్ బాగుందనుకుంటారు. అసలు భయపడాల్సింది ఆ నిశ్శబ్దానికే.

మూడు సిలిండర్లకూ కంపెనీ చెప్పిన కొలతకు సందులు పెట్టి, రెండు రోజులు నడిపించి మళ్లీ కొలిచాం. రెండోది 149కి వచ్చింది. వాల్వు అంచు కాలిపోయి ఉంటే ఇది రాదు, హెడ్ విప్పాల్సి వచ్చేది, బిల్లు మూడింతలయ్యేది. సార్ అదృష్టవంతులు. ఇంకో వేసవి ఇలాగే తిప్పి ఉంటే కాలేదే.

ఇక నిప్పు సంగతి. సాయంత్రం షెడ్డు లైట్లు ఆర్పి, ప్లగ్గు వైర్ల మీద సన్నగా నీళ్లు చిలకరించాం. రెండో వైరు వంపు దగ్గర నీలం రవ్వలు మిణుగురుల్లా ఎగిరాయి. వాల్వు ఒకవైపు, వైరు ఇంకోవైపు, ఆ సిలిండరు నోట్లో మట్టి కొట్టాయి. వైర్ల సెట్టు, డిస్ట్రిబ్యూటర్ మూత, రోటర్, మూడు ప్లగ్గులు మార్చాం. తీసిన ప్లగ్గుల్లో రెండు ఒక నంబరువి, ఒకటి వేరే నంబరుది. ఎవరో ఎప్పుడో చేతికి దొరికింది బిగించారు.

దొంగ గాలి

హైడ్రోకార్బన్లు 2460 నుంచి 1350కి దిగాయి. పరిమితికి లోపలే కాబట్టి కొందరు ఇక్కడ ఆగిపోయి సర్టిఫికెట్‌కు పంపేస్తారు. కానీ ఆక్సిజన్ ఇంకా 3.8 ఉంది, ఐడ్లింగు (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిను తిరిగే తీరు) నిలకడగా లేదు. సైలెన్సర్ చిల్లు మూసేశాం, నిప్పు బాగుంది. మరి ఈ గాలి ఎక్కడిది?

కార్బురేటర్ క్లీనర్ స్ప్రేతో ఇన్‌టేక్ చుట్టూ వెతికాం. ఎక్కడ స్ప్రే తగిలితే ఇంజిను వేగం మారుతుందో అక్కడ గాలి దూరుతున్నట్టు. ఇది మండే వస్తువు, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు ఎర్రగా కాలుతున్నప్పుడు కొట్టకూడదు. బండి చల్లగా ఉండగా స్టార్టు చేసి మొదటి రెండు నిమిషాల్లో ముగించాలి. మ్యానిఫోల్డు వెనక, కంటికి కనపడని చోట, వేగం ఒక్కసారి మారింది. అద్దం పెట్టి చూస్తే ఒక చిన్న గొట్టం కొన, దానికి రబ్బరు టోపీ, ఆ టోపీ పగిలి నోరు తెరుచుకుని ఉంది. గ్యాస్ కిట్ కోసం తీసిన కనెక్షను అది. కిట్ తీసినవాడు రబ్బరు టోపీ తొడిగి పంపాడు. అది పదిహేడేళ్లు పని చేసిందంటే పాపం వాణ్ని తిట్టకూడదు. ఇత్తడి బిరడా బిగించి మూసేశాం.

దీంతో కథ తలకిందులైంది. హైడ్రోకార్బన్లు 620కి దిగాయి, మోనాక్సైడ్ 1.6 నుంచి 3.8కి ఎగిరింది. మొదటి చీటీ రోగం మళ్లీ పైకి వచ్చింది.

కంగారు పడాల్సిన పని లేదు. ఇన్నాళ్లూ దొంగ గాలి వెళ్లి, ఎక్కువగా వస్తున్న పెట్రోలును కప్పిపుచ్చుతోంది. ఇప్పుడు ఆ ముసుగు తీశాం. ఇక పెట్రోలు ఎందుకు ఎక్కువ వస్తోందో చూడాలి.

చోక్ నాబ్ లోపలికి నెట్టినా కార్బురేటర్‌లో పలక పూర్తిగా తెరుచుకోవడం లేదు, కేబుల్ తుప్పు పట్టింది. కేబుల్ మార్చగానే 3.0. ఎయిర్ ఫిల్టరు మట్టికొట్టుకుని ఉంది, మార్చాం, ఐడ్లింగులో దాని వల్ల పెద్ద తేడా రాదు, 2.9 అయింది. అసలు ఎవరూ చూడని చోటు ఇంకొకటి ఉంది. ఇంజిను లోపలి ఆవిర్లను ఎయిర్ క్లీనర్‌కు తీసుకెళ్లే గొట్టం. దాన్ని ఊడదీసి పక్కన పెడితే అర నిమిషంలో మోనాక్సైడ్ 2.0కి పడిపోయింది. మళ్లీ తగిలిస్తే 2.9. అంటే దాదాపు ఒక శాతం ఇంజిను ఆయిల్ నుంచి వస్తోంది! డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే గుప్పున పెట్రోలు వాసన.

పొల్యూషన్ పరీక్షకు తీసుకెళ్లే ముందు ఆయిల్ మార్చమని పాతవాళ్లు చెప్పేది ఇందుకే. ఆయిల్‌లో కలిసిన పెట్రోలు వేడికి ఆవిరై, ఆ గొట్టం గుండా మళ్లీ ఇంజినులోకి వెళ్లి మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది. కార్బురేటర్‌ను ఎంత సవరించినా ఈ దొడ్డిదారి పెట్రోలును అది ఆపలేదు.

ఆయిల్‌లోకి పెట్రోలు ఎలా చేరింది? కార్బురేటర్ గిన్నె నిండగానే పెట్రోలును ఆపాల్సిన నీడిల్ వాల్వ్ కారుతూ ఉంటుందనుకున్నాను. విప్పితే నీడిల్ కొన మీద సన్నటి గీత కనిపించింది. దొరికింది దొంగ అనుకుని రాణీగంజ్ నుంచి కిట్ తెప్పించి నీడిల్, ఫ్లోట్ పిన్ను, గ్యాస్కెట్లు మార్చాను, జెట్లు కడిగాను, ఆయిల్, ఆయిల్ ఫిల్టరు కొత్తవి వేశాను. ఫ్లోట్ మట్టం (గిన్నెలో పెట్రోలు ఎత్తు) మాత్రం అప్పటికే సరిగ్గా ఉంది. ఆ మాటను నేను పట్టించుకోకుండా దాటేశాను. దీని సంగతి కింద వస్తుంది.

చివరికి స్క్రూ

ఇప్పుడు మోనాక్సైడ్ 1.9, హైడ్రోకార్బన్లు 430. స్క్రూ ముట్టకుండానే రెండు పేపర్లూ పాస్. రెండు చీటీల మధ్య ఆ మెకానిక్ బిగించి వదిలిన చోటే అది ఇంకా ఉంది.

ఇక్కడ ఈ-20 గురించి రెండు మాటలు. పెట్రోలు ఒక పాలు కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలని మేం నేర్చుకున్నాం. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు సుమారు 13.5 చాలు. ఇంజెక్షను బండ్లలో ఆక్సిజన్ సెన్సరు చూసి కంప్యూటరు తనంతట తాను సర్దుకుంటుంది. కార్బురేటరుకు ఆ తెలివి లేదు. జెట్టు రంధ్రం అంతే, వెళ్లే పెట్రోలు అంతే, కానీ మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది. మన ఊరి ఎత్తు వల్ల గాలి కొంచెం పలుచన, దాంతో కాస్త చిక్కబడుతుంది గానీ అది ఈ తేడాను పూడ్చేంత కాదు. కాబట్టి పాత పెట్రోలు నాటి అలవాటుతో, పొల్యూషన్ అనగానే స్క్రూ బిగించే మెకానిక్ ఈ రోజుల్లో తరచుగా తప్పు వైపు తిప్పుతున్నాడు. బండి వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగిపోవడం, గేరు మార్చేటప్పుడు ఊగడం, చీటీలో హైడ్రోకార్బన్లు పెరగడం, ఇవన్నీ ఈ మధ్య పాత బండ్లలో నేను ఎక్కువగా చూస్తున్నాను.

ఐడ్లింగు వేగం 900 దగ్గర పెట్టి, స్క్రూను వదులు చేస్తూ ఇంజిను ఎక్కువ వేగం అందుకునే చోటు పట్టుకున్నాను. అక్కడి నుంచి మళ్లీ బిగిస్తూ వేగం పాతిక చుట్లు తగ్గే చోట ఆపి, వేగాన్ని 900కి సరిచేశాను. అంతా అయ్యాక చూస్తే స్క్రూ మొదట ఉన్నచోటు నుంచి పావు చుట్టు మాత్రమే జరిగింది. హైదరాబాదులో ఇంతమంది చేయి పెట్టిన ఆ స్క్రూకు కావలసింది అంతే. అంకెలు: మోనాక్సైడ్ 1.5, హైడ్రోకార్బన్లు 290, డయాక్సైడ్ 13.4, ఆక్సిజన్ 1.2. వ్యాక్యూమ్ ముల్లు 17 దగ్గర కదలకుండా నిలబడింది.

ఇంకా బిగించి మోనాక్సైడ్‌ను 0.5కి తెమ్మని మా కుర్రవాడి సలహా. 0.5 అనేది భారత్ స్టేజ్ 2, 3 కార్ల పరిమితి. వాటి వెనక కన్వర్టరు ఉంటుంది. స్టేజ్ 4 నుంచి 0.3. ఈ ముసలి బండిని వాటితో పోటీకి దింపితే మళ్లీ రెండో చీటీ దగ్గరికే వెళ్తాం. అలాగని 2.9 దగ్గర వదలడం కూడా తప్పు. పరీక్షా కేంద్రం యంత్రానికీ నా యంత్రానికీ తేడా ఉంటుంది, ఎండకూ చలికీ తేడా ఉంటుంది. పరిమితిలో సగం దగ్గర ఉంచితే నిద్ర పడుతుంది.

పరీక్షకు వెళ్లే రోజు సార్‌కు చెప్పింది ఒక్కటే: ఇంటి నుంచి నేరుగా పక్క వీధిలోని వ్యాన్ దగ్గరికి వెళ్లొద్దు, అరగంట తిప్పి, ఇంజిను ఆపకుండా వరసలో నిలబడండి. ఆయన ఉప్పల్ దాకా వెళ్లి వచ్చారు. మోనాక్సైడ్ 1.7, హైడ్రోకార్బన్లు 340. ఆరు నెలల సర్టిఫికెట్. ఈ వయసు బండికి ఆరు నెలలే. స్టేజ్ 4, ఆ తర్వాతి వాటికి ఏడాది ఇస్తారు. కార్తీక పౌర్ణమికి నాలుగు రోజుల ముందు సంగతి ఇది.

నేను తప్పిన పేపరు

పౌర్ణమి అయిన వారానికి సార్ మళ్లీ వచ్చారు. చేతిలో గుట్ట ప్రసాదం, ఇంకో చేతిలో కాగితం మడత. మడత విప్పితే డిప్‌స్టిక్ తుడిచిన నూనె మరక. "నాయనా, ఆయిల్ తాగే బండ్ల గురించి విన్నాను. ఇది ఆయిల్ పెడుతోంది" అన్నారు. నేను నింపిన గుర్తు కన్నా మట్టం అర అంగుళం పైకి వచ్చింది. కాగితం వాసన చూస్తే పెట్రోలు.

ఆ క్షణంలో ఫ్లోట్ మట్టం గుర్తొచ్చింది. నీడిల్ వాల్వ్ ఆయిల్‌లోకి దిగేంతగా కారి ఉంటే కార్బురేటర్ గిన్నె నిండి పొర్లాలి, ఫ్లోట్ మట్టం సరిగ్గా ఉండే అవకాశం లేదు. నీడిల్ మీద గీత చూడగానే దాన్నే దొంగగా నిలబెట్టాను. స్క్రూ తిప్పి వదిలేసినవాళ్లను ఇంత వెటకారం చేసి, నేను చేసింది అదే పని, పేరే వేరు.

ఇంజినుకు బిగించి ఉన్న పెట్రోలు పంపు విప్పాం. లోపలి రబ్బరు పొర మడత దగ్గర వెంట్రుకంత చీలింది. పంపు కొట్టినప్పుడల్లా కొన్ని చుక్కలు కార్బురేటర్‌కు బదులు నేరుగా ఇంజిను ఆయిల్‌లోకి దిగుతున్నాయి. పంపు ఒంటి మీద, కింది రంధ్రం చుట్టూ తేమ ఉంది, దానికి దుమ్ము అంటుకుని నల్లటి ముద్ద కట్టింది. మొదటి రోజే టార్చి వేసి చూసి ఉంటే కనిపించేది. పెట్రోలు కలిసి పలచబడ్డ ఆయిల్‌తో గుట్ట దాకా వెళ్లి వచ్చారంటే బేరింగులు దయతలిచాయి. ఇలా ఆయిల్ మట్టం పెరిగిన బండిని స్టార్టు చేయకూడదు, షెడ్డుకు తోయించుకుని రావాలి. సార్‌కు అది తెలియదు, నేనూ ముందు చెప్పలేదు.

కొత్త పంపు ఇథనాల్ పెట్రోలుకు తగిన రబ్బరుదే అడిగి తెచ్చాను. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా రబ్బరు పైపులు కూడా మార్చాను, వంచితే పగుళ్లు కనిపిస్తున్నాయి. మళ్లీ ఆయిల్, మళ్లీ ఫిల్టరు. ఈసారి ఆవిరి గొట్టం తగిలించినా ఊడదీసినా మోనాక్సైడ్‌లో తేడా 0.1 మాత్రమే. అదే నాకు కావలసిన రుజువు. అది మొదటిసారి ఆయిల్ మార్చిన రోజున కాదు, రెండు వందల కిలోమీటర్లు నడిచాక చూడాల్సిన రుజువు. కొత్త ఆయిల్ వేసిన రోజున ఏ ఇంజినైనా శుభ్రంగానే కనిపిస్తుంది. ఇప్పుడు ఇలాంటి బండి వస్తే, సర్టిఫికెట్ వచ్చాక కూడా పది రోజులకు ఒకసారి డిప్‌స్టిక్ వాసన చూపించుకోవడానికి రమ్మంటున్నాను.

చివరి కొలత: మోనాక్సైడ్ 1.4, హైడ్రోకార్బన్లు 270.

ఖర్చు మొత్తం 8,900 రూపాయలు. అందులో అన్నిటికన్నా పెద్ద పద్దు పెట్రోలు పంపు, పైపులు. రెండోసారి ఆయిల్, నా కూలీ బిల్లులో వేయలేదు. సార్ గమనించి కలపబోతే, నా పేపరుకు నేనే మార్కులు వేసుకోనివ్వండి అన్నాను. ఆయన నవ్వి, రెండు ఫెయిల్ చీటీలూ తిరిగి ఇమ్మన్నారు. కొడుకుకు ఫోటో తీసి పంపుతారట, మూడోదానితో కలిపి.